గేదెలకు కుట్టిన పరుపులు

ఆ అమ్మాయి మా కొట్టు మెట్లెక్కిన పూట నాన్న పాత పరుపొకదాన్ని విప్పి, ఉండలు కట్టిన దూదిని వేళ్లతో విడదీస్తున్నాడు. పత్తితీతలు జోరుగా సాగుతున్న రోజులు. పత్తి బోరేలు ఎత్తుకుని పోయే ట్రాక్టర్లు దారిపొడవునా విదిల్చిన పీచు తిరువూరు వీధుల్లో కరెంటు తీగలకూ తుమ్మకొమ్మలకూ చిక్కుకుని వేలాడుతుండేది. పొద్దుటిపూట ఏది పీచో ఏది మంచో తెలిసేది కాదు. ఊరంతా ఇంకా దుప్పట్లోంచి బయటికి రానట్టు ఉండేది.

"పరుపులు కుట్టేది ఇక్కడేనాండీ?" అంది.

"ఇక్కడేనమ్మా. సింగిలా, డబులా?" నాన్న తలెత్తకుండానే అడిగాడు.

ఆమె భుజానికున్న సంచీ సర్దుకుంది. నవ్వబోయి ఆపుకున్నట్టు కనిపించింది. "గేదెలకండీ," అంది.

నాన్న చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. నేను కుట్టుమిషను ఆపాను.

ఆమె పశువైద్యం చదివిన డాక్టరు. ఆ చదువయ్యాక పరిశోధనలో చేరింది. చూడటానికి ఇంటరు చదివే పిల్లలా ఉంది గానీ, బల్ల మీద కూర్చుని చెబుతుంటే మాటలో తొందర లేదు. ఈమధ్య అందరూ పశువుల షెడ్లకు సిమెంటు గచ్చు చేయిస్తున్నారట. కడగటానికి సులువు. కానీ ఆ గచ్చు మీద పడుకుని లేచేటప్పుడు గేదెల మోకాళ్లు ఒరుసుకుపోతున్నాయి. కొన్నయితే పడుకోవటమే తగ్గించేసి, నిలబడే పొద్దు గడుపుతున్నాయి. ఎలాంటి పక్క ఉంటే అవి హాయిగా పడుకుంటాయో చూడాలి. గంపలగూడెం దారిలో ఒక రిటైరైన టీచరమ్మ తన షెడ్డు వాడుకోమంది.

"చూడటమంటే? ఎవర్ని అడుగుతావు?" అన్నాడు నాన్న.

"వాటినే, అంకుల్. రకరకాల పక్కలు పరిచి, ఏది కావాలో వాటికే వదిలేస్తాను. వెళ్లి దేని మీద పడుకుంటే అదే వాటి జవాబు."

నాన్న చేతిలో దూది పక్కన పెట్టాడు. నాకు భయం వేసింది. మా తాతది దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన బతుకు. నాన్న ఏకుడు మిషను పెట్టాడు, కొట్టు తెరిచాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే పరుపులు మా కొట్టునుంచే వెళ్లేవి. ఫోము పరుపులు బస్సుల మీద విజయవాడ నుంచి చాపల్లా చుట్టుకుని దిగటం మొదలయ్యాక ఆ పెళ్లిళ్లు మమ్మల్ని మర్చిపోయాయి. అలాంటి మనిషిని గేదెలకు పరుపులు కుట్టమంటే ఏమంటాడోనని చూస్తున్నాను.

"గేదె ఎంత పొడుగుంటుందమ్మా, పడుకుంటే?" అని అడిగాడు.

అంతే. ఒప్పుకున్నాడన్నమాట.

అప్పటికి మా అమ్మ పోయి ఇంకా సంవత్సరం తిరగలేదు. నేను ప్రైవేటు బళ్లో ఉద్యోగం మానేసి, నాన్నతో కొట్లో కూర్చుంటున్నాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్నకు నిద్ర పట్టటం లేదు. డాక్టరు ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే మర్నాడంతా మత్తుగా ఉంటుందని మానేశాడు. ఊళ్లో ఎంతమందికో మెత్తటి పక్కలు కుట్టిన మనిషి తను మాత్రం నులకమంచం మీద నడుం వాల్చి, దూలాలు చూస్తూ ఉండేవాడు. పగలు పని చేస్తూ చేస్తూ సూది ఎక్కడ గుచ్చాడో మర్చిపోయి ఆగేవాడు.  కొత్త పనేదైనా, అది గేదెల పనైనా సరే, రావటం మంచిదనిపించింది.

డాక్టరమ్మ చెప్పిన ప్రకారం షెడ్డులో ఒక మూల గచ్చు గచ్చులాగే వదిలేయాలి. ఒక చోట బజార్లో దొరికే రబ్బరు చాప. ఇంకో చోట గుంటలా కట్టించి ఇసుక పోయటం. మిగతా చోట్లకు మా పరుపులు. వరిగడ్డి కూరిన గోనె పరుపు ఆమె అడిగింది. దూది పరుపు ఆమె అడగలేదు, నాన్నే పట్టుబట్టాడు.

"దూదిని మించిన పక్క లోకంలో లేదమ్మా. ఒక్కసారి పడుకున్నాయంటే ఆ గేదెలు ఇంక లేవవు. రాసిపెట్టుకో."

"రాసుకుంటాను అంకుల్. కాకపోతే నేను రాసుకునేది మీరు చెప్పింది కాదు, అవి చెప్పింది," అంది ఆమె నవ్వుతూ.

మిల్లు దగ్గర పారేసే మురికి దూది తెచ్చి ఏకాం. తడి ఇంకని పట్టా గుడ్డతో పైన గలీబు కుట్టాం. గడ్డి పరుపుకు గోనెసంచులు విప్పి, దబ్బనంతో పురికొస లాగి లాగి అతికాం. వాకిట్లో ఆ రెండు పరుపులూ పరిస్తే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. "ఏనుగొస్తుందా ఏంటండీ మీ ఇంటికి?" అన్నాడొక ఆటో అతను. నాన్న చాలారోజుల తర్వాత నవ్వాడు. మర్నాడు ఆ ఆటోలోనే పరుపులు పైన కట్టించుకుని గంపలగూడెం దారి పట్టాం.

టీచరమ్మ షెడ్డు మామిడితోట అంచున ఉండేది. రేకుల కప్పు, మూడు పక్కల సగం గోడ, ఎదురుగా పత్తిచేలు. ఆమె సర్కారు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పొద్దున్నే షెడ్డులో అడుగుపెట్టగానే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే చీపురు పట్టుకునేది. నాన్నను చూసి, "రండి అన్నయ్య గారూ, మా ఆడపిల్లలకు పరుపులు తెచ్చారా?" అంది.

ఆ ఆడపిల్లలు అరడజను పైచిలుకు ఉన్నాయి. కట్లు విప్పి వదిలాం. పరుపులు చూసి అన్నీ ఒక్కసారి బుసకొట్టి గోడకు ఆనుకున్నాయి. ఒకటి ధైర్యం చేసి ముందుకొచ్చి, పట్టా గుడ్డ మీద కాలు పెట్టగానే అది బరబరమంది. అంతే, వెనక్కి ఒక్క దూకు. ఆ రోజంతా ఒక్కటంటే ఒక్కటి పరుపుల దరిదాపులకు రాలేదు. సాయంత్రానికి కాళ్లు పీకి, ఎప్పటిలాగే గచ్చు మీద కూలబడ్డాయి.

నాన్న మొహం చిన్నబోయింది. "అలవాటు లేని సుఖం, అంకుల్. ముందు భయపెడుతుంది. కొన్నాళ్లు ఆగుదాం," అంది డాక్టరమ్మ.

నాన్న ఆగలేదు. మర్నాడే వెళ్లి పట్టా గుడ్డ మీద గోనె తొడిగి చప్పుడు రాకుండా చేశాడు. ఆ తర్వాత వారంలో మేం వెళ్లేసరికి అన్నిటికన్నా పెద్ద గేదె గడ్డి పరుపు దగ్గర నిలబడి ఉంది. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అది మూతి దించి మూల వాసన చూసింది. నాలుకతో గోనెను తడిపింది. తడిపి తడిపి పళ్లతో ఒక్క లాగు లాగింది. కుట్టు పటుక్కున వీడిపోయింది. లోపలున్న గడ్డిని హాయిగా నమలటం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక సగం గోడ మీద కూర్చుండిపోయి, నా వైపు చూసింది. "అక్కా, ఇది దేని కింద రాయను? పడుకున్నట్టా, తిన్నట్టా?"

"పరుపు నచ్చిందనే రాయమ్మా," అన్నాడు నాన్న సీరియస్‌గానే.

అలా మొదలైంది. జనవరి నెల నడుస్తుండగా ఒక్కొక్కటే పరుపులెక్కాయి. కొట్లో పని తగ్గిన మధ్యాహ్నాలు నేనూ నాన్నా షేరాటో ఎక్కి వచ్చేసేవాళ్లం. చిరిగినచోట కుట్టాలన్నది పేరుకు మాత్రమే. నిజానికి నాకు ఆ షెడ్డులో కూర్చోవటం ఇష్టమైపోయింది. డాక్టరమ్మ ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చునేది. ఏ గేదె ఎక్కడుంది, నిలబడిందా, పడుకుందా, నెమరు వేస్తోందా అని చేతిలోని ట్యాబులో గుర్తులు పెట్టుకునేది. కొన్నాళ్లకు గేదెలు ఆమెను కూడా షెడ్డులో ఒక స్తంభం అనుకున్నాయి. నేను ఆమె పక్కన ఇంకో చిన్న స్తంభాన్నయ్యాను.

మామిడి పూత వాసన వస్తుండేది. చేలల్లో పత్తి తీసే ఆడవాళ్ల మాటలు దూరం నుంచి, నీళ్ల అడుగునుంచి వినబడినట్టు వినబడేవి. గేదెలు నెమరు వేసే చప్పుడు ఒకదానికొకటి అందుకుంటూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే పొద్దు కదులుతుందో లేదో తెలిసేది కాదు. ఆ చప్పుడు వింటుంటే నా చిన్నప్పటి ఇల్లు కళ్ల ముందుకొచ్చేది. ఏకిన దూది గదినిండా మోకాలెత్తున పోసి ఉండేది. అమ్మ నన్ను అందులో పడేసి తను వంట చేసుకునేది. ఎటు దొర్లినా తెలుపే. ఆ తెలుపులోంచి అమ్మ గాజుల చప్పుడు వచ్చేది. ఎన్నో ఏళ్లుగా గుర్తురానిది ఈ పేడ వాసనల మధ్య ఎలా గుర్తొచ్చిందో తెలియదు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ నా మోచేయి తట్టి, "అక్కా, అదిగో చూడు," అని గుసగుసగా అంది.

నుదుట తెల్లచుక్క ఉన్న గేదె దూది పరుపు మీద పడుకుని ఉంది. నెమరు ఆపేసింది. మెడను మెల్లగా వెనక్కి తిప్పి, తలను తన డొక్క మీద ఆనించుకుంది. మెడ బరువంతా వదిలేసినట్టు జారింది. మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. చెవి ఒకటి ఉండుండి అదురుతోంది.

"ఇదే అసలు నిద్ర," అంది. "నిలబడి కూడా కునుకుతాయి గానీ, ఈ నిద్ర మాత్రం పడుకుంటేనే వస్తుంది. మెడ కండరాలు మొత్తం వదులవుతాయి, అందుకని తల ఆనించుకోవాలి. కాసేపే ఉంటుంది. కింద గట్టిగా ఉండి పడుకోవటం మానేసిన పశువుకు ఇది దక్కదు."

"కల కంటోందా?" అన్నాను.

ఆమె గేదె మీంచి చూపు తిప్పలేదు. "మనం కలలు కనే నిద్రలో మన మెదడు ఎలా ఉంటుందో దాని మెదడూ ఇంచుమించు అలాగే ఉంటుంది. అంతవరకు చెప్పగలను. దానికేం కనిపిస్తోందో చెప్పలేను అక్కా. చెప్పగలిగితే ఎంత బావుండు!"

మేం చూస్తుండగానే గేదె ముక్కు రంధ్రాలు వెడల్పయ్యాయి. ఏదో పచ్చిక వాసనకు సాగినట్టు మూతి కొంచెం ముందుకు సాగింది. అక్కడ పచ్చిక లేదు. మరుక్షణం తలెత్తి మా వైపు చూసింది. ఆ చూపు ఇంకా ఇక్కడికి రాలేదు. నెమ్మదిగా వచ్చింది. వచ్చాక మళ్లీ నెమరు అందుకుంది.

నాన్న వెనక నిలబడి ఇదంతా చూశాడని తర్వాత తెలిసింది. తిరుగుదారిలో ఆటో ఊరు దగ్గర పడ్డాక, "పడుకోవటం, నిద్రపోవటం వేరు వేరన్నమాట," అన్నాడు.

కొన్నాళ్లకు ఒక చిక్కొచ్చింది. పక్కల చోట్లు మార్చాల్సిన సమయమది. గేదె పరుపు నచ్చి వెళుతోందా, ఆ మూల గాలి నచ్చి వెళుతోందా తేలాలంటే పరుపును ఇటుది అటు మార్చి చూడాలి. మార్చాం. చాలావరకు గేదెలు తమకు నచ్చిన పక్కను వెతుక్కుంటూ కొత్త మూలకు వెళ్లాయి. తెల్లచుక్కది తన దూది పరుపు దగ్గరకే వెళ్లింది. వంకరకొమ్ము గేదె మాత్రం అప్పటిదాకా ఎప్పుడూ ఇసుకలో పడుకునేది. ఆ రోజు ఇసుకను దాటి, గడ్డి పరుపును దాటి వెళ్లి, తెల్లచుక్క గేదె పక్కన ఉత్త గచ్చు మీద పడుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాత లెక్క తీసి చూస్తే అసలు విషయం తెలిసింది. చోట్లు మార్చక ముందు ఇసుక గుంటకూ దూది పరుపుకూ మధ్య జానెడు గోడే ఉండేది. అది ఇన్నాళ్లూ ఎంచుకున్నది ఇసుకను కాదు.

"ఆ రెండూ నెమలి ఊళ్లో ఒకే ఇంటి నుంచి వచ్చాయి. దూడలప్పటి నుంచి ఒకే తాడున పెరిగాయి," అంది టీచరమ్మ.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అయితే దాని జవాబు మొత్తం తప్పుగా రాసుకున్నాను మేడమ్. నేను పక్క గురించి అడుగుతుంటే అది ఇంకేదో చెబుతోంది." కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఒక పని చేద్దాం. ఈ రెండింటినీ కొన్ని రోజులు వేరు వేరు షెడ్లలో ఉంచుదాం. అప్పుడు దానికి నిజంగా ఏ పక్క కావాలో తెలుస్తుంది," అంది.

టీచరమ్మ చేతిలో కుడితి బకెట్టు కింద పెట్టింది. "వద్దు పాపా."

"కొన్ని రోజులే మేడమ్. పక్క షెడ్డే కదా."

"వాటి సుఖం తెలుసుకుంటానంటేనే కదా నేను ఒప్పుకుంది? సుఖం తెలుసుకోవటానికి దిగులు పెడతానంటే ఎట్టాగమ్మా? నేనొప్పుకోను."

 డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని నెలల కష్టమో నాకు తెలుసు. ఆమె తోటలోకి వెళ్లి, ఒక చెట్టు కింద నిలబడి తన గైడుకు ఫోను చేసింది. ఆ మాటలు మాకు వినబడలేదు. చాలాసేపు విన్నది, కొంచెం మాట్లాడింది. తిరిగొచ్చేసరికి మొహం తేటగా ఉంది.

"విడదీయను మేడమ్. మీరన్నదే నిజం. వంకరకొమ్ముదాన్ని పక్కల లెక్కలోంచి తీసేసి, ఎవరి పక్కన ఎవరు పడుకుంటున్నారన్నది విడిగా రాస్తాను. మా సార్ కూడా అదే మొదలుపెట్టమన్నారు."

"కోపమొచ్చిందా నా మీద?"

"వచ్చింది. పోయింది," అంది. టీచరమ్మ ఆమెను దగ్గరకు తీసుకుని తల నిమిరింది. ఆ రోజు నుంచి డాక్టరమ్మ ట్యాబులో ఇంకో బొమ్మ చేరింది. షెడ్డు పటం మీద చిన్న చిన్న చుక్కలు, చుక్కకూ చుక్కకూ మధ్య గీతలు. నాకు చూపించినప్పుడు అది ఆకాశంలా కనిపించింది.

రంజాన్ నెల వచ్చింది. ఎండలు ముదరలేదు గానీ మధ్యాహ్నానికి నోరెండిపోయేది. ఉపవాసంలో ఉన్నా నాన్న షెడ్డుకు రావటం మానలేదు. ఒక రోజు మధ్యాహ్నం జొహర్ నమాజు తోటలోనే చేసుకుని వచ్చి, గడ్డి పరుపు అంచు మీద కూర్చుని, పెద్ద గేదె కొత్తగా చింపిన మూల కుడుతున్నాడు. నేను తొట్టి దగ్గర దారం తడుపుతున్నాను. తిరిగి చూసేసరికి నాన్న ఒరిగిపోయి ఉన్నాడు.

ఒక్క అంగలో దగ్గరకెళ్లాను. డాక్టరమ్మ కూడా లేచింది. వంగి చూస్తే ఊపిరి సమంగా ఆడుతోంది. నిద్ర. దబ్బనం ఇంకా వేళ్ల మధ్యే ఉంది. మెల్లగా తీసేశాను. లేవలేదు.

ఇంతలో వంకరకొమ్ము గేదె వచ్చింది. నేను అదిలించబోతే డాక్టరమ్మ చెయ్యడ్డం పెట్టింది. అది నాన్న పాదాలు వాసన చూసింది. ఒక వేడి ఊపిరి వదిలింది. ముందుకాళ్లు మడిచి, మోకాళ్లూని, భారంగా, జాగ్రత్తగా అతని పక్కన గచ్చు మీద పడుకుంది. వెనకే తెల్లచుక్కది వచ్చి దాని అవతల పడుకుంది. నెమరు చప్పుడు మొదలైంది.

డాక్టరమ్మ ట్యాబు మూసి ఒళ్లో పెట్టుకుంది. "ఈ పూటకు ఇంతే అక్కా. గడ్డి పరుపు ఖాళీ లేదు," అని గుసగుసలాడింది. టీచరమ్మ వచ్చి చూసి, ఎండ పడుతున్న పక్క గోనెపట్టా వేలాడదీసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

నేను కింద కూర్చుని నాన్నను చూస్తూ ఉండిపోయాను. ఎండ రేకుల సందుల్లోంచి దిగి అతని గడ్డం మీద, గేదె వీపు మీద ఒకే గీతగా పడింది. దుమ్ము ఆ గీతలో తేలుతూ ఎటూ పోకుండా ఉంది. నాన్న తల నెమ్మదిగా భుజం మీదికి జారింది. మూసిన రెప్పల కింద కళ్లు కదిలాయి. ఎక్కడికో వెళుతున్నాడు. ఎక్కడికో నాకు తెలియదు, అడగాలనీ లేదు. అమ్మ పోయాక మొదటిసారి నాకు ఇల్లు గుర్తొచ్చి భయం వేయలేదు. షెడ్డూ, తోటా, పత్తిచేలూ అన్నీ ఎవరో మెల్లగా ఊపుతున్న ఉయ్యాలలా అనిపించాయి. నా కళ్లూ మూతలు పడ్డాయేమో, ఎంతసేపు గడిచిందో చెప్పలేను.

నాన్న లేచేసరికి పొద్దు వాలిపోయింది. చుట్టూ చూసి, పక్కన గేదెను చూసి ఉలిక్కిపడ్డాడు. అదీ ఇతన్ని చూసింది, లేవలేదు. టీచరమ్మ ఖర్జూరాలూ, అరటిపండ్లూ, చెంబుతో నీళ్లూ పళ్లెంలో పెట్టి సగం గోడ మీద ఉంచింది. "ఉపవాసం విడిచే వేళయిందేమో చూసుకోండి అన్నయ్య గారూ. నాకు సరిగ్గా తెలీదు," అంది. దూరంగా ఊళ్లోంచి అజాన్ వినబడింది. నాన్న ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

"కలేమన్నా వచ్చిందా నాన్నా?" అని అడిగాను.

"లేదే. ఏమీ రాలా. శుభ్రంగా నిద్రపోయా." అని ఇంకో ఖర్జూరం అందుకున్నాడు.

ఆ తర్వాత రోజూ నిద్ర పట్టిందని చెప్పను. కొన్ని రోజులు పట్టేది, కొన్ని రోజులు పట్టేది కాదు. కానీ పట్టని రోజున కూడా ఆ దూలాలకేసి చూడటం మానేశాడు. నులకమంచం మీద పాత బొంత పరుచుకోవటం మొదలుపెట్టాడు. 

ఎండలు ముదిరాయి. రేకులు కాలిపోతున్నాయి. నాన్న దూది పరుపుకు అసలు పరీక్ష అప్పుడొచ్చింది. చలికాలంలో దాని మీద చోటు కోసం తోసుకున్న గేదెలు ఏప్రిల్లో దాన్ని చూసి మొహం తిప్పుకున్నాయి. టీచరమ్మ పైపుతో ఇసుక తడిపేది. తడి ఇసుకలో పడుకోవటానికి పెద్ద గేదె మిగతావాటిని కొమ్ములతో నెట్టేది. తెల్లచుక్కది కూడా దూది వదిలేసి ఇసుకకు వెళ్లింది. దాని వెనకే, చెప్పక్కర్లేదు, వంకరకొమ్ముది.

"నా లెక్క తప్పిందమ్మా," అన్నాడు నాన్న.

"మొత్తం తప్పలేదు అంకుల్. చలికాలానికి సరిపోయింది. కానీ ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఈ ఎండలో మీరయితే పడుకుంటారా దూది మీద?"

నాన్న ఆలోచించాడు. "పడుకోను. తడిపిన గచ్చు మీద తువ్వాలు పరుచుకుంటా," అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

జూన్ రాకముందే పరిశీలన ముగిసింది. తిరువూర్లో ఒక చిన్న హాల్లో డాక్టరమ్మ పాడిరైతులను పిలిచి, తను చూసింది చెప్పింది. గచ్చు ఉంచుకోండి, కానీ పడుకునే చోట ఇసుకో గడ్డో పరవండి, తడిసిన గడ్డి మార్చండి, కలిసి పెరిగినవాటిని కలిపి ఉంచండి అని. వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "ఇదంతా చేస్తే పాలెన్ని పెరుగుతాయో చెప్పమ్మా ముందు."

"ఆ సంగతి నేను చూడలేదండి. చూడనిది చెప్పలేను," అంది. "మోకాళ్ల పుండ్లు మానాయి. ఎక్కువసేపు పడుకున్నాయి. నేను చూసిందింతే."

ఆయన పెదవి విరిచి కూర్చున్నాడు. కొంతమంది మధ్యలోనే వెళ్లిపోయారు. కానీ హాలు బయట ఇద్దరు ముగ్గురు నాన్నను చుట్టుముట్టి గోనె పరుపు ఎలా కుట్టాలని అడిగారు. టీచరమ్మ తన షెడ్డులో సగం గచ్చు తవ్వించి ఇసుక పోయించింది. దూది పరుపును ఈనిన గేదెల కోసం, చలికాలపు దూడల కోసం పక్కన పెట్టుకుంది. ఇప్పటికీ ఏడాదికోసారి నాన్న వెళ్లి దాన్ని విప్పి, ఏకి, మళ్లీ కుట్టి వస్తాడు.

డాక్టరమ్మ ఊరు వదిలే రోజున నాన్న పొద్దున్నే కొట్టు తెరిచి కూర్చున్నాడు. వారం రోజులుగా నాకు చెప్పకుండా కుడుతున్న పరుపు బయటికి తీశాడు. సింగిలు. బూరుగు దూది. నీలం చారల గుడ్డ. అంచులకు కుట్టిన కుట్టు చూస్తే నాకు మా కొట్టు పెళ్లిళ్ల సీజన్లు గుర్తొచ్చాయి.

"హాస్టల్లో ఇనుప మంచమని చెప్పావుగా. వీపు నొప్పి పెడుతుంది," అన్నాడు.

ఆమె వంగి దాని మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి లోపలికి దిగిపోయింది.

ముగ్గురం మోసుకుంటూ బస్టాండుకు వెళ్లాం. విజయవాడ బస్సు కండక్టరు పరుపును చూసి, "లగేజీ టికెట్టు తీసుకోవాలండి దీనికి. మనిషంత ఉంది," అన్నాడు.

"తీసుకుంటాం బాబూ. కానీ డిక్కీలో పడెయ్యొద్దు. గ్రీజు అంటుతుంది," అన్నాడు నాన్న. "వెనక సీటు ఖాళీగానే ఉంది కదా, దాన్ని కూర్చోబెట్టు."

కండక్టరు నవ్వి సరేనన్నాడు. పరుపును చుట్టి, తాడు కట్టి, కిటికీ పక్క సీట్లో నిలబెట్టారు. ఆమె దాని పక్కన కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "అంకుల్, మళ్లీ ఎప్పుడైనా గేదెలకు కుట్టాలంటే మీ దగ్గరకే వస్తాను," అని అరిచింది.

"మేకలకైనా కుడతా!" అని నాన్న తిరిగి అరిచాడు. బస్టాండులో జనం మా వైపు చూశారు. నాన్న పట్టించుకోలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత నాతో, "పద, ఆ గంపలగూడెం వాళ్ల దిండ్లు ఇవాళ ఇచ్చేయాలి," అన్నాడు.